డ్రయ్యర్ కాల్ మళ్ళీ రాకుండా చూసుకోవాలంటే

నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో వాషింగ్ మెషీన్ సర్వీసు పనిలో ఉన్నవాళ్ళకు, ఇప్పుడే ఐటీఐ ముగించి ఇందులోకి వస్తున్నవాళ్ళకు ఈ వ్యాసం. మన దగ్గర ‘డ్రయ్యర్’ అంటే ఎక్కువ ఇళ్ళలో సెమీ ఆటోమేటిక్ మెషీన్‌కు కుడివైపు ఉండే చిన్న తొట్టి. అది వేడిగాలితో ఆరబెట్టదు. గట్టిగా తిప్పి నీళ్ళు పిండుతుంది, అంతే. ఎండాకాలంలో అది పాడైనా ఎవరికీ పెద్దగా పట్టదు. వాన పట్టిన రోజుల్లో, భార్యాభర్తలిద్దరూ డ్యూటీకి పోయే ఇంట్లో, తెల్లారేసరికి పిల్లల స్కూల్ డ్రెస్ ఆరాల్సిన చోట మాత్రం అదే రోజు మనకు ఫోన్ వస్తుంది.

ఈ పనిలో మన సంపాదనను తినేసేది రిపీట్ కాల్. దేవరకొండలో ఒక మెషీన్ బాగుచేసి వచ్చారనుకోండి. వారం తిరక్కుండా ‘మొన్ననే కదన్నా చేసిపోయినవ్, మళ్ళా తిరుగుతలేదు’ అని ఫోన్ వస్తే నల్లగొండ నుంచి రానూపోనూ వంద కిలోమీటర్లకు పైన బండి నడపాలి. పెట్రోలు మీదే, పోయిన సగం రోజూ మీదే. రెండోసారి ఛార్జి అడిగే ముఖం ఉండదు. సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తుంటే ఆ కాల్ మీ పేరు మీదే పడుతుంది, ఇన్సెంటివ్ పోతుంది. అందుకే పోయిన పార్టు మార్చి ఊరుకోవద్దు. అది ఎందుకు పోయిందో తేల్చుకున్నాకే బిల్లు రాయండి.

ఫోన్‌లోనే సగం పని

బయలుదేరే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. అసలు కదలట్లేదా, గుయ్యిమని సౌండ్ వచ్చి ఆగిపోతోందా? వాష్ వైపు తిరుగుతోందా? మెషీన్ కింద నీళ్ళు కనబడుతున్నాయా? మాడిన వాసన వచ్చిందా? వాష్ వైపు మామూలుగా తిరుగుతోందంటే ప్లగ్గు దాకా కరెంటు ఉన్నట్టే, తప్పు డ్రయ్యర్ వైపు ఉంది. రెండూ చచ్చిపోతే ముందు సాకెట్, ప్లగ్గు, మెయిన్ వైరు చూడాలి. మాడిన వాసన వచ్చిందంటే మీరు వచ్చేదాకా ప్లగ్గు పీకి ఉంచమని చెప్పండి. ‘ఒకసారి మళ్ళా వేసి చూడండి’ అని మాత్రం చెప్పొద్దు. ఆ ఒక్కసారికే బతకాల్సిన మోటర్ వైండింగ్ కాలిపోవచ్చు.

ఈ జవాబులను బట్టి సంచి సర్దుకోండి. కండెన్సర్, బ్రేక్ వైరు, లిడ్ స్విచ్, స్పిన్ టైమర్, ఆ మోడల్‌కు సరిపోయే సీలు దగ్గర ఉంటే చాలా కాల్స్ ఒక్క ట్రిప్పులో ముగుస్తాయి. కస్టమర్‌ను మోడల్ నంబర్ స్టిక్కర్ ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. సీలు సైజు తేడా వస్తే మళ్ళీ ఊరి నుంచి ఊరికి తిరగాల్సి వస్తుంది.

ముందు వోల్టేజి, తర్వాతే స్క్రూడ్రైవర్

ఇంటికి చేరగానే మెషీన్ వెనక డోరు విప్పడం చాలామందికి అలవాటు. ముందు మల్టీమీటర్ తీయండి. సాకెట్ దగ్గర వోల్టేజి ఒకసారి ఖాళీగా, ఒకసారి డ్రయ్యర్ ఆన్ చేసిన క్షణంలో కొలవండి. మామూలుగా 230 వోల్టులు ఉండాలి. ఇండక్షన్ మోటర్ టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 180 వోల్టులే వస్తే టార్క్ దాదాపు 61 శాతానికి, 160 వస్తే సగం కంటే కిందికి పడిపోతుంది. తడిబట్టలతో నిండిన తొట్టిని ఆ బలంతో మోటర్ తిప్పలేదు. గుయ్యిమంటూ వేడెక్కుతుంది.

ఊరి చివర, లైను ఆఖర్లో ఉన్న ఇల్లు అనుకోండి. పగలు చుట్టూ వ్యవసాయ మోటర్లు నడుస్తుంటాయి. ‘పొద్దున తిరగదు, రాత్రి మంచిగనే తిరుగుతది’ అని ఇంటివాళ్ళు అంటారు. ఈ మాట వినగానే కండెన్సర్ మార్చి డబ్బులు తీసుకుని పోవడం తేలిక. మరుసటి రోజు పొద్దున అదే కథ మొదలవుతుంది. మీటర్ పెట్టి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడే వోల్టేజి తక్కువుంటే తప్పు సప్లైలో ఉంది. 1912కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోమని చెప్పండి. ఖాళీగా 225 చూపించి, ఆన్ చేయగానే బాగా కిందికి జారితే ఇంటి వైరింగ్‌లోనో, ఎక్స్‌టెన్షన్ బోర్డులోనో, సర్వీస్ వైరు జాయింట్ దగ్గరో లూజు ఉంది. సాకెట్ ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, లోపల నల్లబడి ఉంటుంది. వైరింగ్ సరిచేయించాకే మెషీన్ పని మొదలుపెట్టండి. ఈ తేడా కస్టమర్‌కు మీటర్ చూపించి చెబితే మీ విజిటింగ్ ఛార్జి ఊరికే తీసుకున్నట్టు ఉండదు.

పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద డ్రయ్యర్ నడపొద్దని కూడా చెప్పండి. ఆ వేవ్‌కు మోటర్ గుర్రుమంటూ వేడెక్కుతుంది.

గుర్తును బట్టి కారణం

డ్రయ్యర్ సర్క్యూట్ చిన్నది. కరెంటు స్పిన్ టైమర్‌లోంచి, మూత కింద ఉండే లిడ్ స్విచ్‌లోంచి మోటర్‌కు వస్తుంది. మోటర్‌కు రెండు వైండింగులు, మధ్యలో కండెన్సర్. మోటర్ షాఫ్ట్ మీదే బ్రేక్ డ్రమ్, దానిపైన తొట్టి షాఫ్ట్, ఆ షాఫ్ట్ తొట్టి అడుగులోంచి పైకి వచ్చేచోట రబ్బరు సీలు. ఈ బొమ్మ మనసులో ఉంటే వెతకడం తేలిక.

అసలు కదలిక లేదు, సౌండ్ లేదు: టైమర్, లిడ్ స్విచ్, తెగిన వైరు. ప్లగ్గు పీకి కంటిన్యుటీ చూడండి. మన ఇళ్ళలో ఎలుకలు వైర్లు కొరకడం మామూలు విషయం. అడుగున ఖాళీ ఉన్న మెషీన్‌లో దూరి గూడు పెడతాయి. వైరు అతికించి వస్తే నెలలో మళ్ళీ కొరుకుతాయి. అడుగున జాలీ బిగించి రండి.

గుయ్యిమని సౌండ్ వస్తుంది, తిరగదు: ఇక్కడ కారణాలు నాలుగు. కండెన్సర్ బలహీనపడటం, బ్రేక్ పట్టేసి ఉండటం, తొట్టి కింద గుడ్డ ఇరుక్కోవడం, షాఫ్ట్ తుప్పు పట్టి బిగుసుకోవడం. ప్లగ్గు పీకి, మూత వేసినప్పుడు ఉండే స్థితిలో బ్రేక్ వైరును లాగి పట్టి, తొట్టిని చేత్తో తిప్పండి. తేలికగా తిరిగితే అనుమానం కండెన్సర్ మీద, వైండింగ్ మీద. బిగుతుగా ఉంటే తప్పు మెకానికల్. పిల్లల సాక్సు, కర్చీఫు, జాకెట్టు హుక్కు తొట్టి అంచు మీదుగా కిందికి జారి షాఫ్ట్‌కు చుట్టుకోవడం తరచూ చూస్తాం. ఈ ఒక్క పరీక్ష చేయకుండా మోటర్ మార్చినవాళ్ళు ఉన్నారు.

కండెన్సర్‌ను కంటితో చూసి తేల్చొద్దు. మీటర్‌లో కెపాసిటెన్స్ రేంజ్ పెట్టి కొలవండి. మీద 5 అని రాసి ఉండి 3.5 చూపిస్తే అది పనికిరాదు. చాలా మెషీన్లలో వాష్‌కూ డ్రయ్యర్‌కూ కలిపి మూడు వైర్ల కండెన్సర్ ఒకటే ఉంటుంది. ఏ వైరు ఎటు పోయిందో విప్పేముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ముట్టుకునే ముందు బల్బు బిగించిన హోల్డరుతోనో, రెసిస్టర్‌తోనో డిశ్చార్జి చేయండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి చిటుక్కుమనిపించడం మానేయండి. కొత్తది ఐఎస్ఐ మార్కుదే కొనండి, వోల్టేజి రేటింగ్ పాతదానికంటే తగ్గకూడదు.

తిరుగుతుంది కానీ స్పీడు లేదు, బట్టల్లో నీళ్ళు మిగులుతున్నాయి: డ్రెయిన్ పైపు చూడండి. వాష్‌కూ డ్రయ్యర్‌కూ ఒకే పైపు ఉన్న మెషీన్లో ఆ పైపు చివర పైకి ఎత్తి గోడకు కట్టి ఉన్నా, లోపల నూలు పేరుకున్నా తొట్టి చుట్టూ నీళ్ళు నిలుస్తాయి. మోటర్ ఆ నీళ్ళలోనే తొట్టిని తిప్పాల్సి వస్తుంది. బ్రేక్ వైరు సాగి బ్రేకు సగం ఒరుసుకుంటున్నా ఇదే జరుగుతుంది, కాకపోతే వేడి వాసన కూడా వస్తుంది.

దడదడ కొట్టుకుంటుంది: ముందు బట్టలు సర్దిన తీరు, తర్వాత నేల, ఆ తర్వాతే స్ప్రింగులు. మోటర్ కింద మూడు స్ప్రింగులుంటాయి. ఒకటి విరిగితే మూడూ కలిపి మార్చండి. కప్లింగ్ బోల్టు లూజైనా, షాఫ్ట్ వంగినా కూడా ఇలాగే కొట్టుకుంటుంది.

మోటర్ మార్చినా మళ్ళీ పోయింది: కారణం సీలు

రిపీట్ కాల్స్‌లో ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మిర్యాలగూడలో ఒక ఇంట్లో డ్రయ్యర్ మోటర్ కాలిపోయిందనుకోండి. మెకానిక్ వచ్చి కొత్త మోటర్ వేసి, తిప్పి చూపించి, డబ్బు తీసుకుని వెళ్ళాడు. రెండు నెలలకు మళ్ళీ కాలిపోయింది. కస్టమర్ ‘డూప్లికేట్ మోటర్ వేసిండు’ అని నలుగురికీ చెప్పింది. మోటర్ మంచిదే. తొట్టి అడుగు సీలు చీలి ఉంది. తిప్పిన ప్రతిసారీ సబ్బునీళ్ళు షాఫ్ట్ మీదుగా జారి సరిగ్గా మోటర్ మీద పడుతున్నాయి. బేరింగ్ తుప్పు పట్టింది, వైండింగ్ ఇన్సులేషన్ పోయింది. మొదటిసారే కాలిన మోటర్ మీద తెల్లటి చారలు, తుప్పు మరకలు ఉండి ఉంటాయి. ఎవరూ చూడలేదు.

అందుకే పాత మోటర్ తీయగానే పైభాగం చూడండి. సబ్బు చారలు, తుప్పు ఉంటే సీలు మార్చకుండా కొత్త మోటర్ బిగించొద్దు. తొట్టి విప్పే పని ఎలాగూ చేస్తున్నాం, సీలుకయ్యే ఖర్చు మోటర్ ముందు చాలా తక్కువ. కొత్త సీలు వేసేముందు షాఫ్ట్‌ను సన్నటి ఎమరీ పేపరుతో రుద్ది, తుడిచి, సీలు పెదవికి వాటర్‌ప్రూఫ్ గ్రీజు పట్టించండి. షాఫ్ట్ గుంటలు పడి ఉంటే ఆ గుంట కొత్త సీలును నెలల్లోనే కోసేస్తుంది. షాఫ్ట్ కూడా మార్చాలని చెప్పండి. కస్టమర్ వద్దంటే బిల్లు మీద ‘షాఫ్ట్ మార్చాలని చెప్పాం, కస్టమర్ ఒప్పుకోలేదు’ అని రాసి సంతకం తీసుకోండి.

బిగించాక ఒక పరీక్ష చేయండి. డ్రెయిన్ పైపు పైకి ఎత్తి కట్టి, డ్రయ్యర్‌లో రెండు మగ్గుల నీళ్ళు పోసి, మోటర్ పైన పొడి పేపరు పరిచి పది నిమిషాలు ఆగండి. పేపరు మీద చుక్క కూడా పడకూడదు. తడిసిన మోటర్‌ను ఆరబెట్టి మళ్ళీ వాడాలనుకుంటే మెగ్గర్‌తో చూడండి. ఒక మెగోమ్ కంటే తక్కువ చూపిస్తే దాన్ని కలపొద్దు.

మార్కెట్‌లో కాపర్ వైండింగ్ మోటర్, అల్యూమినియం వైండింగ్ మోటర్ రెండూ దొరుకుతాయి. ఏది వేస్తున్నారో ముందే చెప్పి, బిల్లు మీద రాయండి.

మన నీళ్ళ సంగతి

నల్లగొండ అంటే ఫ్లోరైడ్ అని దేశమంతా తెలుసు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే పెట్టింది. అందుకని కస్టమర్లు ‘ఫ్లోరైడ్ నీళ్ళకే మెషీన్ పోయింది’ అంటారు. మనం ఆ మాట పట్టుకుని తల ఊపకూడదు. ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకు, పళ్ళకు చేసే హాని వేరు. తొట్టి రంధ్రాల్లో, సీలు చుట్టూ తెల్లగా గట్టిపడేది కాల్షియం, మెగ్నీషియం లవణాలు, అంటే నీటి కాఠిన్యం. ఒకచోట ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటే కాఠిన్యం కూడా అంతే ఉండాలని లేదు. భారత ప్రమాణం ఐఎస్ 10500 తాగునీటి కాఠిన్యానికి లీటరుకు 200 మిల్లీగ్రాములు మేలని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని చెబుతుంది. జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటర్ నీళ్ళలో కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది. కాఠిన్యం తెలియాలంటే హార్డ్‌నెస్ కిట్‌గానీ స్ట్రిప్‌గానీ కావాలి.

చాలా ఇళ్ళలో తాగడానికి మిషన్ భగీరథ నీళ్ళు, ఉతకడానికి బోరు నీళ్ళు. బోరు నీళ్ళు గట్టివైతే సబ్బు నురగ రాక పౌడర్ ఎక్కువేస్తారు, ఆ జిగట తొట్టి కింద పేరుకుంటుంది. నల్లా నీళ్ళు సరిపడా వస్తే కనీసం ఆఖరి జాడింపు వాటితో చేయమనండి. నెలకోసారి ఖాళీ మెషీన్‌లో వేడినీళ్ళు, వంద గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అరగంట ఉంచి, మంచి నీళ్ళతో రెండుసార్లు కడగమనండి. బాత్రూమ్ యాసిడ్ వాడొద్దు, షాఫ్ట్‌ను తినేస్తుంది. నిమ్మ ఉప్పునుగానీ ఏ యాసిడ్‌నుగానీ బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసిన బాత్రూంలో అది ఊపిరి తీసేంత ప్రమాదం. ఈ జాగ్రత్త ప్రతి ఇంట్లో నోటితో చెప్పి రండి.

మెషీన్‌ను వాకిట్లో ఎండకు పెట్టే ఇళ్ళు ఎక్కువ. నలభై డిగ్రీలు దాటే ఎండకు రబ్బరు గట్టిపడి చీలుతుంది. నీడలోకి జరిపించండి.

ఒప్పుకోకూడని పనులు

లిడ్ స్విచ్ పాడైతే ‘డైరెక్ట్ చెయ్యన్నా, స్విచ్ తర్వాత వేద్దాం’ అని అడిగేవాళ్ళుంటారు. స్విచ్ సంచిలో లేకపోతే మనకూ ఆ ఆలోచన రావచ్చు. చేయొద్దు. 50 హెర్ట్జ్ కరెంటు మీద ఆ మోటర్ నిమిషానికి 1,300 చుట్ల పైన తిరుగుతుంది. మూత తెరిచాక కూడా తిరిగే తొట్టిలో బట్ట అందుకోబోయిన చెయ్యి మెలిపడి విరుగుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ తప్పు దిద్దుకునే అవకాశం ఉండదు. స్విచ్ లేకపోతే డ్రయ్యర్ వాడకుండా ప్లగ్గు పీకి, పార్టుతో మళ్ళీ రండి. మూత తెరవగానే కొన్ని సెకన్లలో తొట్టి ఆగాలి. ఏ పనికి పోయినా, బయటికొచ్చే ముందు ఈ పరీక్ష చేయండి.

రెండోది ఎర్తింగ్. తడినేల, చెప్పుల్లేని కాళ్ళు, రెండు పిన్నుల ప్లగ్గు. షాక్ కొడుతోందని చెబితే ఎర్త్ వైరు కత్తిరించి ‘ఇప్పుడు కొట్టదు’ అని పోయే పని నేరంతో సమానం. లీకేజి ఎక్కడుందో వెతకండి. ఎర్త్ పాయింట్ నిజంగా పనిచేస్తోందో చూడండి. మన రాతినేలల్లో ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది, అందులో నీళ్ళు పోస్తూ ఉండమని చెప్పండి. 30 మిల్లీఆంపియర్ ఆర్‌సీసీబీ పెట్టించుకోమని సలహా ఇవ్వండి.

బిల్లు, మాట

పని మొదలుపెట్టే ముందే ఎస్టిమేట్ చెప్పండి. విప్పాక ఇంకో తప్పు బయటపడితే అక్కడే ఆగి, చూపించి, ఒప్పించి ముందుకెళ్ళండి. పాత పార్టు కస్టమర్ చేతికివ్వండి. వారంటీలో ఉంటే ఆ పార్టు కంపెనీకి పోవాలని చెప్పండి. వారంటీ మెషీన్‌ను బయట మెకానిక్ విప్పితే వారంటీ పోయే ప్రమాదం ఉంటుంది. కొనుగోలు బిల్లు అడిగి చూశాకే చెయ్యి పెట్టండి.

చిన్న పనైనా బిల్లు ఇవ్వండి. 2020 జులై 20 నుంచి అమల్లోకొచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల కిందికి వస్తుంది. గొడవ వస్తే ఆ కాగితమే మిమ్మల్ని కూడా కాపాడుతుంది. ఏం కొలిచారు, ఎంత చూపించింది, ఏం మార్చారు, ఏం చెప్పారు అన్న నాలుగు ముక్కలు రాయండి. సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తుంటే, పని కాకముందే కస్టమర్‌ను కాల్ క్లోజింగ్ ఓటీపీ అడగొద్దు. టార్గెట్ ఒత్తిడి ఉంటుంది, సూపర్‌వైజర్ ఫోన్లు ఆగవు. అయినా అలా మూసిన కాల్ మళ్ళీ తెరుచుకుంటుంది. అప్పుడు పని, పరువు రెండూ మీవే పోతాయి.

వేడిగాలి డ్రయ్యర్లు కూడా నేర్చుకోండి

హాస్పిటళ్ళు, హాస్టళ్ళు, యాదగిరిగుట్ట చుట్టూ లాడ్జిలు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు, గల్ఫ్ ఉద్యోగాలు. ఎదగాలనుకునేవాళ్ళు ఇటూ చూడాలి. అక్కడ వేడిగాలి డ్రయ్యర్లుంటాయి. వాటిలో ప్రధాన శత్రువు నూలుపీచు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ లెక్క ప్రకారం ఆ దేశపు ఇళ్ళలో డ్రయ్యర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరుగుతాయి, శుభ్రం చేయకపోవడమే మొదటి కారణం. 2016 ఆగస్టులో లండన్ షెపర్డ్స్ బుష్‌లో ఒక బహుళ అంతస్తుల భవనంలో చెలరేగిన మంటలు కూడా డ్రయ్యర్ నుంచే మొదలయ్యాయి.

అక్కడా నియమం ఒకటే: పార్టు ఎందుకు పోయిందో ముందు తేల్చుకోవాలి. థర్మల్ ఫ్యూజు పోయిందంటే గాలి ఆగి వేడి పెరిగిందని అర్థం. ఫిల్టర్, గాలి బయటికిపోయే గొట్టం శుభ్రం చేయకుండా ఫ్యూజు మాత్రం మారిస్తే అది మళ్ళీ పోతుంది. ఫ్యూజు అడ్డం తీసి డైరెక్ట్ చేస్తే ఇల్లే అంటుకుంటుంది. ప్రతి లోడుకూ ఫిల్టర్ దులపాలని, నూనె మరకల బట్టలు అందులో వేయొద్దని, అందరూ పడుకున్నాక నడపొద్దని కస్టమర్‌కు చెప్పండి.

ఒక చిన్న పుస్తకం పెట్టుకుని ప్రతి కాల్‌కూ తేదీ, ఊరు, మోడల్, వోల్టేజి, తప్పు, కారణం రాయండి. ‘తప్పు’ గడి నిండి ‘కారణం’ గడి ఖాళీగా ఉంటే ఆ పని ఇంకా మిగిలుందని అర్థం. కొన్నాళ్ళు రాస్తే ఏ ఊళ్ళో వోల్టేజి సమస్య, ఏ మోడల్‌లో సీలు సమస్య అన్నది మీకే తెలుస్తుంది, సంచిలో ఏం ఉండాలో ఆ పుస్తకమే చెబుతుంది. సొంత షాపు పెట్టాలన్నా, గల్ఫ్ ఇంటర్వ్యూలో కూర్చోవాలన్నా, జీతం పెంచమని అడగాలన్నా చేతిలో ఉండాల్సిన రుజువు అదే. రేపటి మొదటి కాల్ నుంచే రాయడం మొదలుపెట్టండి.